చెమట కంపుకి మన్యం మందు!

సువాసన డబ్బాల మీద వందలు తగలేసినా సాయంత్రానికి కథ మామూలే. పటికా, కుంకుడు రసమా, పసుపా, వట్టివేళ్లా... ఇంతకీ సహజమైనవాటిలో నిజంగా పనిచేసేదేది? తూర్పు కనుమల కొండకోనల నుంచి మన స్నానాలగది దాకా ఓ పరిశీలన.

వేసవిలో విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కితే మొదటి గంట నరకమే. సముద్రపు ఉక్కపోత, కిక్కిరిసిన జనం, పైన కడ్డీ పట్టుకోవడానికి చేతులెత్తి నిలబడ్డవాళ్లు... పక్కవాళ్ల దగ్గర వచ్చే వాసనకి ముక్కు మూసుకోలేం, మన దగ్గరా వస్తోందేమోనన్న అనుమానం వదలదు. శృంగవరపుకోట దాటి రైలు కొండెక్కడం మొదలుపెట్టాక సొరంగాల మధ్య నుంచి వచ్చే చల్లగాలికి ప్రాణం లేచొస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్న అరకులోయ చేరేసరికి చెమట ఊసే ఉండదు.

తమాషా ఏంటంటే, మైదానంలో ఉన్నవాళ్ల చెమట వాసనకి తరతరాలుగా విరుగుడు పంపింది కూడా ఈ కొండలే. అమ్మమ్మ తలంటుకి కొట్టిన కుంకుడుకాయ, డబ్బాలో దాచిన శీకాయపొడి, నలుగులో కలిపిన పసుపు... వీటిలో చాలావరకు పాడేరు, అరకు, చింతపల్లి, రంపచోడవరం వైపు అడవుల నుంచీ పొలాల నుంచీ దిగినవే. ఇప్పుడు మళ్లీ 'సహజం' అనే మాటకి గిరాకీ వచ్చింది. రసాయనాలు లేని డియోడరెంట్ అంటూ చిన్న సీసాకి మూడు నాలుగొందలు పెట్టి కొనేవాళ్లున్నారు. కొన్నాక 'అబ్బే, పనిచెయ్యలేదు' అని పెదవి విరిచేవాళ్లూ అంతమందే ఉన్నారు. ఏది పనిచేస్తుందో తెలియాలంటే ముందు వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

చెమట తప్పేం లేదు!

నిజానికి చెమటకి వాసన ఉండదు. మన ఒంట్లో 20 నుంచి 40 లక్షల దాకా స్వేదగ్రంథులుంటాయి. వాటిలో ఎక్కువభాగం విడుదల చేసేది ఉప్పు కలిసిన నీరే. అది ఆవిరైతే ఒళ్లు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి శరీరం నుంచి పోతుందని లెక్క. అంటే చెమట పట్టడం జబ్బు కాదు, ఒంటికి దేవుడిచ్చిన ఏసీ. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఆవిరి కాకుండా ఒంటి మీదే నిలిచిపోతుంది. చొక్కా తడిసి ముద్దవుతుంది.

అసలు సంగతి రెండోరకం గ్రంథుల్లో ఉంది. చంకల్లో, గజ్జల్లో ఉండే ఈ గ్రంథులు చిన్నతనంలో నిద్రపోతుంటాయి. పదీ పన్నెండేళ్లు దాటి యుక్తవయసు వస్తుండగా మేల్కొంటాయి. కొవ్వులూ మాంసకృత్తులూ ఉన్న చిక్కటి చెమటను స్రవిస్తాయి. దానికీ పుట్టినప్పుడు వాసన ఉండదు. కానీ చర్మం మీద కాపురముండే కొరినిబ్యాక్టీరియం, స్టెఫైలోకాకస్ హోమినిస్ లాంటి సూక్ష్మజీవులకి అది విందుభోజనం. అవి ఆ పదార్థాలను విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలూ గంధకం ఉన్న సమ్మేళనాలే మనం ముక్కు మూసుకునే ఆ కంపు. ఉల్లిపాయ వాసనలా కొందరికి, పులిసిన వాసనలా ఇంకొందరికి ఉండేది అందుకే.

అందరికీ ఒకేలా ఎందుకుండదు? దీనికి జవాబు చిత్రంగా చెవిలో దొరికింది. చెవిలోని గులిమి జిగటగా ఉండాలా పొడిగా ఉండాలా అన్నది ఏబీసీసీ11 అనే ఒక్క జన్యువు నిర్ణయిస్తుందని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. చంకల వాసనకీ ఆ జన్యువుకీ లంకె ఉందని ఆ తరవాతి పరిశోధనల్లో తెలిసింది. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి పొడి గులిమి, వాసనా తక్కువే. కాబట్టి ఎదుటివారి దగ్గర వాసన వస్తోందంటే స్నానం చెయ్యలేదనే అర్థం కాదు. రోజూ రెండుపూటలా స్నానం చేసేవారికీ రావచ్చు. ఈ ఒక్క ముక్క అందరికీ తెలిస్తే తరగతి గదుల్లో, ఆఫీసుల్లో ఎంతోమందికి తలవంపులు తప్పుతాయి.

వాసన పడితే మనిషి విలువ మారిపోవడం కొత్తేం కాదు. మహాభారతంలో సత్యవతి మొదట మత్స్యగంధి. ఆమె ఒంటి చేపల వాసన పోయి యోజనదూరం పరిమళించేలా పరాశరుడు వరమిస్తేనే యోజనగంధి అయింది. వరాలిచ్చే మునులు ఇప్పుడు లేరు. ఆ ఖాళీని డబ్బాలవాళ్లు భర్తీ చేశారు.

డబ్బాలో ఏముంది?

వాసన పోగొట్టే మొదటి బ్రాండెడ్ సరుకుగా చరిత్ర చెప్పేది 1888లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వచ్చిన 'మమ్'. అది జింకు కలిపిన లేపనం. 1903లో అల్యూమినియం క్లోరైడ్‌తో 'ఎవర్‌డ్రై' వచ్చింది. ఇప్పటికీ దుకాణాల్లో ఉన్నవన్నీ ఈ రెండు దారుల్లోవే. సూక్ష్మజీవులను అదుపు చేసి, మంచి వాసనతో కప్పెట్టేది డియోడరెంట్. చెమట రంధ్రాలను తాత్కాలికంగా మూసి అసలు చెమటనే తగ్గించేది యాంటీపర్‌స్పిరెంట్. అల్యూమినియం లవణాలుండేది రెండోదాంట్లో.

అల్యూమినియం వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న భయం చాలామందిని సహజమైనవాటి వైపు నడిపిస్తోంది. అలాంటి సంబంధం ఉన్నట్టు స్పష్టమైన ఆధారాలు లేవన్నది అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాట. మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం వైద్యుణ్ని అడిగే వాడాలి. అయితే భయం లేకపోయినా ఘాటైన పరిమళాలు పడనివాళ్లూ, దద్దుర్లు వచ్చేవాళ్లూ, నెలనెలా ఆ ఖర్చు భరించలేనివాళ్లూ ఉన్నారు. వాళ్లకి కావలసింది కబుర్లు కాదు, పనిచేసే వస్తువు.

కొండ దిగివచ్చే సరుకు

కుంకుడు చెట్టు కాయలు కాసి పండాక గిరిజన కుటుంబాలు వాటిని ఏరి, ఎండబెట్టి, గోనెల్లోకి ఎత్తుతాయి. శీకాయ అంత తేలిగ్గా చేతికందదు. అది ముళ్ల తీగ. చెట్ల మీదికి అల్లుకుపోతుంది. కాయ తెచ్చేసరికి చేతులు గీరుకుపోవలసిందే. భగత, కొండదొర, వాల్మీకి, కొటియా, పోర్జా, గదబ తెగల వాళ్లకి ఇలాంటి అటవీ ఫలసాయం పంటకి తోడు ఆదాయం. చింతపండు, కరక్కాయ, నరమామిడి చెక్క, కొండచీపుళ్లు, అడ్డాకులు, తేనె కూడా ఈ కోవలోవే. తలమీదో కావిడి మీదో మోసుకుని వారపు సంతకి తెస్తారు.

దళారుల తూకాల నుంచి వీళ్లను కాపాడటానికే 1956లో విశాఖపట్నం ప్రధాన కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పాటైంది. జనం నోట్లో జీసీసీ. ఇటు అటవీ సరుకు కొంటుంది, అటు డీఆర్ డిపోల ద్వారా నిత్యావసరాలు అందిస్తుంది. 'గిరిజన్' తేనె, అరకు కాఫీతోపాటు కుంకుడు, శీకాయ పొడులు, సబ్బులు దాని దుకాణాల్లో దొరుకుతాయి. ఇక పసుపు సరేసరి. పాడేరు, చింతపల్లి కొండల్లో దుంపలు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి సంతకి తెస్తారు. పసుపు జాతికే చెందిన పాలగుండ దుంపను దంచి, నీళ్లలో కలిపి వడకట్టి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెట్టడం కూడా అడవి బిడ్డలకి తెలిసిన విద్యే.

ఏది పనిచేస్తుంది... ఏది చెయ్యదు?

కుంకుడు, శీకాయ: రెండింట్లోనూ నురగనిచ్చే సపోనిన్లుంటాయి. జిడ్డునీ, దాన్ని పట్టుకుని ఉన్న సూక్ష్మజీవులనీ కడిగేస్తాయి. మామూలు సబ్బు క్షారం. దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మానిది దాదాపు 5. శీకాయ రసానికి పులుపు గుణం ఉండటంతో చర్మం సహజ స్థితి అంతగా చెదరదు. కాకపోతే ఇవి చేసేది కడిగే పనే. పొద్దున కడిగితే సూక్ష్మజీవులు సాయంత్రానికి మళ్లీ పెరుగుతాయి. కాబట్టి ఇవి మొదటి మెట్టు, మొత్తం వైద్యం కాదు. కళ్లలో పడితే మంట సంగతి అందరికీ అనుభవమే.

పటిక: మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే తెల్లరాయి. సహజమైనవాటిలో బాగా ఆదరణ ఉన్నది ఇదే. చర్మాన్ని బిగుతుగా చేస్తుంది, సూక్ష్మజీవులు పెరగకుండా అడ్డుపడుతుంది. స్నానం అయ్యాక శుభ్రంగా ఉన్న చంకలో తడి రాయిని నాలుగైదుసార్లు రుద్ది ఆరనిస్తే చాలు. సొంత వాసన లేదు, బట్టలకి మరక కాదు. ఇరవై ముప్ఫై రూపాయల ముక్క నెలల తరబడి వస్తుంది. ఒక్క విషయం... పటిక అంటేనే పొటాషియం, అల్యూమినియంల సల్ఫేటు. పటికతో చేసిన రాయి మీద 'అల్యూమినియం లేదు' అని రాసి అమ్మితే అది అబద్ధమే.

పసుపు, వేప: పసుపులోని కర్క్యుమిన్, వేపాకులోని పదార్థాలు ప్రయోగశాలలో సూక్ష్మజీవులను అడ్డుకున్నమాట నిజం. చంకలో రోజంతా అలాగే పనిచేస్తాయని చెప్పడానికి అది చాలదు. పైగా తెల్ల చొక్కా మీద పసుపు మరక వదలదు. నలుగులో కలిపి కడిగేసుకుంటే మేలు, రాసుకుని బయటకెళ్తే ఇబ్బంది.

వట్టివేళ్లు, కచ్చూరాలు: సువాసన బావుంటుంది. వట్టివేళ్ల నూనెకి అత్తరు పరిశ్రమలో పెద్దపీట. అయితే ఇవి వాసనకి ముసుగు వేస్తాయే తప్ప పుట్టకుండా ఆపవు. సున్నిపిండిలో కలుపుకోవచ్చు.

పాలగుండ: పిండి తడిని పీల్చుకుంటుంది. పొడిగా ఉన్నచోట సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయి. సహజ డియోడరెంట్లనేకం ఇలాంటి పిండి మీదే ఆధారపడ్డాయి. చెమట కొద్దిగా పట్టేవారికి, చల్లటి ఊళ్లలో ఉండేవారికి సరిపోతుంది. విశాఖ ఉక్కలో ధారలు కట్టేవారికి మాత్రం ముద్దలై కూర్చుంటుంది.

ఆముదం: నేరుగా రాస్తే జిడ్డే. కానీ ఆముదం నుంచి తీసిన ఆమ్లానికి జింకుని జతచేసి తయారుచేసే జింక్ రిసినోలియేట్ చెడువాసన అణువులను పట్టి బంధిస్తుంది. సహజ డియోడరెంట్ కొనాలనుకునేవారు డబ్బా వెనక ఈ పేరుందేమో చూడాలి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్నవి కూడా వంటసోడా పడనివారికి నయం.

సహజమైతే చాలా?

'చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం చేస్తుందిలే' అనుకోవడం పొరపాటు. జీడిగింజ రసం కూడా చెట్టుదే, ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

నిమ్మచెక్క చంకలో రుద్దుకోమనే చిట్కా ఇంటింటా వినిపిస్తుంది. పులుపు వల్ల కాసేపు వాసన తగ్గొచ్చు. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే మాత్రం కాలినట్టు బొబ్బలూ, నెలల తరబడి పోని నల్లమచ్చలూ రావచ్చు. చేతుల్లేని రవికెలు, బనియన్లు వేసుకునేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. వంటసోడాది మరో కథ. దాని పీహెచ్ 8 పైనే. వాసన బాగానే చంపుతుంది కానీ, చాలామందికి వారం పదిరోజుల్లో చర్మం ఎర్రబడి మండుతుంది. అది 'విషాలు బయటకు పోవడం' అని కొందరు సర్దిచెబుతారు. కాదు, చర్మం వద్దని మొత్తుకోవడం! వెంటనే మానెయ్యాలి. సుగంధ తైలాలు కూడా నేరుగా రాస్తే కొందరికి పడవు. చుక్క నూనెని కొబ్బరినూనెలో కలిపి మోచేతి మడతలో రాసి ఒకరోజు చూడటం ఉత్తమం.

చొక్కా కూడా నేరస్తుడే

వాసనకి ఒళ్లొక్కటే కారణం కాదు, ఒంటి మీది బట్ట కూడా. ఒకేలా వ్యాయామం చేసినవారి నూలు చొక్కాలూ పాలియెస్టర్ చొక్కాలూ పోల్చిచూస్తే పాలియెస్టర్‌వే ఎక్కువ కంపు కొట్టాయని బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో తేల్చారు. వాసన పుట్టించే మైక్రోకాకస్ అనే సూక్ష్మజీవి పాలియెస్టర్ మీద తెగ పెరుగుతోందట. ఉతికిన చొక్కా వేసుకున్న అరగంటకే పాత వాసన వస్తోందంటే డియోడరెంట్ మార్చాల్సిన పనిలేదు, చొక్కా మార్చాలి. నూలు బట్టలు, బాగా ఎండలో ఆరేసినవి మేలు. పట్టుచీరలకి కుంకుడు రసం వాడే అలవాటు పనికొచ్చేదే.

తిండికీ పాత్ర ఉంది. వెల్లుల్లి ప్రభావం చెమటలో కనిపిస్తుంది. మెంతులు ఎక్కువగా తింటే చెమటకి ఒకరకమైన తియ్యటి వాసన వస్తుంది. దానికి కారణం సొటొలోన్ అనే పదార్థం. కంగారుపడనక్కర్లేదు, రెండ్రోజులు మెంతులు మానితే పోతుంది.

వారం రోజుల పరీక్ష

మీకు సరిపడేదేదో తెలుసుకోవడానికి ప్రకటనలు నమ్మక్కర్లేదు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

* ఒకసారికి ఒకటే వస్తువు పరీక్షించాలి. రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.
* స్నానం చేసి, చంకలు బాగా తుడుచుకుని ఆరనివ్వాలి. తడి మీద పొడి పనిచెయ్యదు.
* కుడివైపు కొత్తది రాయండి, ఎడమవైపు ఏమీ రాయొద్దు. రెండూ ఒకే ఒంటివి, ఒకే ఎండలో తిరిగినవి కాబట్టి తేడా తెలిసిపోతుంది.
* సాయంత్రం చొక్కా విప్పి రెండు చంకల దగ్గరా వాసన చూడండి. మన ముక్కు మన వాసనకి అలవాటుపడిపోతుంది. అందుకని ఇంట్లో మొహమాటం లేని మనిషిని అడగడం ఇంకా మంచిది.
* వారం తరవాత వైపులు మార్చి ఇంకో వారం చూడండి. మంట, దురద వస్తే అక్కడితో ఆపెయ్యండి.
* చంకల్లో వెంట్రుకలు కత్తిరించుకుంటే ఏ మందైనా మెరుగ్గా పనిచేస్తుంది. గీసిన వెంటనే మాత్రం పటికగానీ ఇంకేదిగానీ రాయొద్దు.

పిల్లలతో ఎలా చెప్పాలి?

ఆరో తరగతి ఏడో తరగతికి వచ్చేసరికి చాలామంది పిల్లల్లో ఈ మార్పు మొదలవుతుంది. ఆటలాడి వచ్చిన పిల్లాణ్ని నలుగురిలో 'ఛీ, కంపు' అనడం తేలిక. ఆ మాట వాడి మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. బళ్లో ఎవరి పక్కన కూర్చోవాలన్నా వెనకాడతాడు, చెయ్యెత్తి జవాబు చెప్పడానికీ జంకుతాడు. ఆడపిల్లలైతే మరీను. గడ్డం మీసం వచ్చినట్టే ఇదీ పెద్దవుతున్న గుర్తని అమ్మో నాన్నో చాటుగా చెప్పి, చేతిలో చిన్న పటిక ముక్క పెట్టి, వాడే పద్ధతి చూపిస్తే చాలు. వసతిగృహాల్లో ఉండే పిల్లలకి ఇంత చవకైన, చెడిపోని వస్తువు ఇంకోటి లేదు.

వైద్యుడి దగ్గరికి ఎప్పుడు?

ఉన్నట్టుండి చెమట బాగా ఎక్కువైనా, వాసన తీరు మారినా ఇంటివైద్యంతో కాలక్షేపం చెయ్యకూడదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా చెమటలు పడతాయి. రాత్రిళ్లు పక్క తడిసేలా చెమటలు పట్టి, బరువు తగ్గుతుంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారి ఊపిరి పండ్ల వాసన వేస్తే అది ప్రమాద సూచన, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగా కొందరికి పుట్టుకతోనే ట్రైమిథైలమైన్ అనే పదార్థం ఒంట్లో విరగక చెమట చేపల వాసన వేస్తుంది. వాళ్లు ఎంత రుద్దుకున్నా లాభముండదు, ఆహారంలో మార్పులు కావాలి. చంకల్లో విపరీతంగా చెమట పట్టేవారికి రాత్రిపూట రాసుకునే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం నుంచి బొటాక్స్ సూదిమందు దాకా చికిత్సలున్నాయి. సహజం కాదని వాటిని దూరం పెట్టి బాధపడటంలో అర్థంలేదు.

చివరికి తేలిందేమిటి?

శీకాయ కలిపిన సున్నిపిండితో స్నానం, ఆరాక పటిక, ఒంటి మీద నూలు చొక్కా... మామూలుగా చెమట పట్టేవారిలో చాలామందికి ఈ మూడూ సరిపోతాయి. తడి మరీ ఇబ్బంది పెడితే పైన కాస్త పాలగుండ. అంతకీ లొంగకపోతే జింక్ రిసినోలియేట్ ఉన్నదో, యాంటీపర్‌స్పిరెంటో వాడుకోవచ్చు. ఇందులో ఓటమేం లేదు.

కొనేటప్పుడు మాత్రం ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని అడవి బిడ్డలకి ఇచ్చింది. చట్టం ఉన్నా, కిలోల లెక్కన సంతలో అమ్ముడైన కాయ అందమైన సీసాలో గ్రాముల లెక్కన తిరిగొచ్చేసరికి పెరిగిన ధరలో ముళ్లు గుచ్చుకున్న చేతికి దక్కేది ఎంతన్నదే ప్రశ్న. అరకు వెళ్లినప్పుడు కుంకుళ్లో శీకాయో సంతలో అమ్మే గిరిజన మహిళ దగ్గర బేరమాడకుండా కొంటే, లేదా జీసీసీ దుకాణంలో తీసుకుంటే ఆ లెక్క కొంతైనా సరవుతుంది. మన చెమట వాసన పోగొట్టే ఆ కాయ కోసం కొండ మీద ఎవరో చెమటోడ్చారు మరి!